ఆళ్లగడ్డ శిల్పులు



శిల్పమును గూర్చి రేడియోలో ప్రసంగించుట సాహసమే. చూడవలసిన దానిని వినిపింపబూనుచున్నాము. అయితే శిల్పి సైతము రాతిని మొదట చెవితోనే పరీక్షించును గనుక, మా సాహసము మన్నింపదగినదే యగును.

నంద్యాల నుండి కడప దారిని సుమారు 40 కిలోమీటర్లు పోయిన ఆళ్లగడ్డ వచ్చును. పూర్వము కర్నూలు జిల్లాలో నుండిన ఈ పట్టణము, 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరినది. నవనారసింహ క్షేత్రమైన అహోబిలము దీనికి సమీపముననే కలదు. ఇచ్చటి శిల్పశాలలలో దేవతామూర్తులు, నందులు మాత్రమే గాక దేశనాయకుల విగ్రహములు కూడ రూపొందుచున్నవి.

శిల్పశాస్త్రము శిలలను మూడు విధములుగా చెప్పినది. సుత్తితో తట్టినపుడు గంటవలె గంభీరముగా మ్రోగునది పుంశిల. కంచుతాళమువలె సన్నగా పలుకునది స్త్రీశిల. నాదమే లేనిది నపుంసకశిల. మొదటిది దేవునకు, రెండవది దేవికి, మూడవది పునాదులకు. ఇది వట్టి విశ్వాసము కాదు. లోపల బీట ఉన్న రాయి సరిగా మ్రోగదు. కుండను కొనబోయిన ఇల్లాలు వ్రేలితో కొట్టి చూచుట మనమెరిగినదే గదా!

రాయి కుదిరిన పిమ్మట కొలత. ముఖము పొడవు ఒక తాళము. తాళమునకు 12 అంగుళములు. విష్ణువు, శివుడు మొదలైన ప్రధాన దేవతలకు ఉత్తమ దశతాళము, అనగా 124 అంగుళములు. దేవేరులకు మధ్యమ దశతాళము, 120 అంగుళములు. ఈ అంగుళము మన గజముబద్ద మీదిది కాదు. ఆ విగ్రహములోనే పుట్టిన కొలత. అందువలననే జానెడు మూర్తికైనను నిలువెత్తు మూర్తికైనను పొందిక చెడదు. రాతిపై గీతలు గీసి, ముతక ఉలితో అనవసరమైన భాగము తొలగించి, క్రమముగా సన్నని ఉలులకు వత్తురు. కుమ్మరి మట్టిని మరల ముద్ద చేయగలడు. శిల్పికి ఆ వెసులుబాటు లేదు. ముక్కు కొన విరిగిన మూర్తి పూజకు పనికిరాదు.

ఇట్టి విద్యకు నేడు చట్టపు అండ లభించినది. 1999లో చేసిన భౌగోళిక గుర్తింపుల చట్టము 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోనికి వచ్చినది. దాని క్రింద ఆళ్లగడ్డ శిల్పమునకును, ఇదే జిల్లాలోని బనగానపల్లె మామిడికిని గుర్తింపు కలిగినది. ఇక ఆళ్లగడ్డ పేరును ఇతరులు వాడుకొనరాదు. సంతోషమే. కాని పేరును కాపాడిన చట్టము చేతిని కాపాడగలదా?

ఈ ప్రశ్నకు జపాను కొంత సమాధానము చెప్పినది. అచ్చటి ఒకజాకి నగరము రాతి దీపస్తంభములకు ప్రసిద్ధము. 1974లో జపాను చేసిన సంప్రదాయ హస్తకళల చట్టము క్రింద 1979లో ఆ పనికి గుర్తింపు వచ్చినది. ఆ చట్టము వస్తువునకు పేరిచ్చి ఊరకుండలేదు. వారసులకు శిక్షణనిచ్చు ప్రణాళికలకు తోడ్పడినది. 12 సంవత్సరములు పనిచేసినవారే ‘సంప్రదాయ శిల్పి’ పరీక్షకు అర్హులు. అనగా విద్య చేతికి వచ్చుటకు ఎంత కాలము పట్టునో ప్రభుత్వమే అంగీకరించినదన్నమాట.

మన శిల్పికి కావలసినదియు ఆ కాలమే. కోతయంత్రము పనిని త్వరపరచినది. దానితోపాటు రాతిధూళిని పెంచినది. ఆ సన్నని ధూళి ఏండ్ల తరబడి ఊపిరితిత్తులలో చేరి, నయము కాని వ్యాధిని కలిగించును. నీరు చల్లుచు కోయుట, ముక్కునకు తగిన ముసుగు ధరించుట తప్పనిసరి. తండ్రి దగ్గును వినుచు పెరిగిన కుమారుడు ఉలి పట్టుటకు జంకిన, తప్పెవరిది?

విగ్రహము చేయించువారు ముందు ముహూర్తము పెట్టుకొని, పిమ్మట శిల్పి వద్దకు పరుగెత్తుట తరచు చూచుచున్నాము. క్రమము మార్చిన చాలును. ముందు శిల్పి నడిగి, అతడు చెప్పిన గడువును బట్టి ముహూర్తము పెట్టించుకొనవలెను. బేరములో తగ్గించు సొమ్ము, పని నేర్చుకొను కుర్రవాని కూలి నుండియే తగ్గునని గుర్తుంచుకొనవలెను. ప్రతిష్ఠ ఒక్కనాటిది, ఆ మూర్తి మన మనుమల మనుమలు కూడ దర్శింపవలసినది.