హ్యాండిల్ మన చేతిలో ఉండాలి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొద్దటి నుంచి పొదుపు, అప్పులు, వసూళ్ల లెక్కలు విన్నాం. మేము చెప్పేది ఇంకో లెక్క. మీ ఇంట్లో బండి ఉందా అని అడిగితే ఈ హాల్లో చాలా చేతులు లేస్తాయి. ఆ బండి మీరే నడుపుతారా అని అడిగితే లేచిన చేతులు దిగిపోతాయి. సంఘం అప్పుతో కొన్న బండ్ల సంగతి కూడా అంతే. కిస్తీ కట్టేది మనం, వెనక సీట్లో కూర్చునేది మనం.

2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. మంచి మేలు జరిగింది. కానీ బస్సు మెయిన్ రోడ్డు మీదనే పోతుంది. అక్కడి నుంచి మా తండాకు, పొలాలకు పోయేది మొరం బాట. పొద్దున్నే పాలు పోయాలన్నా, రాత్రి పిల్లకు జ్వరం వస్తే దవాఖానకు పోవాలన్నా ఆ బాట మీద బస్సు లేదు. "ఆయన వచ్చినాక పోదాం" అని గడపలో కూర్చునే అక్క ఊరికి ఒకామె కాదు, వాడకు పదిమంది. అందుకే ఈ ఏడు మా గ్రామ సంఘంలో ఆడవాళ్ల కోసం ఆడవాళ్లే నేర్పే బండి శిబిరం పెట్టుకున్నాం.

ఇది మనం కొత్తగా కనిపెట్టింది కాదు. 1991లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు ఆడవాళ్లకు సైకిల్ నేర్పించారు. అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ గారు దానికి గట్టి అండ. కూలికి పోయే ఆడవాళ్లు వేలకు వేలు సైకిల్ ఎక్కారు. లేడీస్ సైకిళ్లు సరిపడా దొరక్క మగవాళ్ల సైకిళ్లు కొన్నారు. ముందున్న రాడ్డు మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చు, అదే నయం అన్నారట.

అమెరికాలో కొండదారుల్లో సైకిల్ తొక్కే ఆటలో జాకీ ఫీలన్ అనే ఆమె మూడుసార్లు జాతీయ విజేత. ఆ ఆటలో ఎక్కడ చూసినా మగవాళ్లే. కొత్తగా వచ్చిన ఆడవాళ్లు వెనకబడి, బెదిరి మానుకునేవాళ్లు. అందుకని ఆమె 1987లో ఆడవాళ్లకు వేరే సంఘం పెట్టింది. ఆ పేరును మన మాటలో చెప్పాలంటే 'ఆడవాళ్ల కొండ సైకిల్, చాయ్ సంఘం'. పేరులోనే చాయ్ ఉంది! అక్కడ ఎవరు ముందు పోయారని కాదు, అందరూ కలిసి పోయి కలిసి రావాలని. ఇది విన్నప్పుడు మేమందరం నవ్వినం. మన సంఘం పద్ధతీ అదే కదా. మన హైదరాబాద్ నుంచి కూడా నలుగురు ఆడవాళ్లు మోటార్ సైకిళ్ల మీద మయన్మార్, లావోస్, వియత్నాం, కంబోడియా, థాయిలాండ్ దాకా పోయి వచ్చారు.

ఇక మా శిబిరం. ఆదివారం ఆదివారం పొద్దున, బడి గ్రౌండులో. మొదటి రోజు ఇంజను స్టార్టే చేయలేదు. బండిని పక్కన పట్టుకొని నడిపించడం, స్టాండు వేయడం, పడితే లేపడం. తర్వాత సీటు మీద కూర్చొని రెండు కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవడం. బ్యాలెన్సు వచ్చినాకనే ఎక్స్‌లేటర్. ఇంట్లో నేర్పేటప్పుడు మొదటిరోజే రోడ్డెక్కిస్తారు, తప్పు పోతే అరుస్తారు. ఆ అరుపుకే సగం మంది మానేస్తారు. మా దగ్గర ఒకటే నియమం: నవ్వొద్దు, అరవొద్దు.

గ్రౌండులో వచ్చినంత మాత్రాన మన బాటల మీద రాదు. అందుకే తర్వాతి వారాలు మొరం బాట మీద, చెరువు కట్ట మీద నేర్చుకున్నాం. అందరూ గుర్తుపెట్టుకోవాల్సినవి చెప్తాం. కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. కంకర మీద, మలుపులో దాన్ని గట్టిగా నొక్కితే ముందు చక్రం జారుతుంది, మనం కింద ఉంటాం. మలుపుకు ముందే నెమ్మది చేసుకోవాలి, మలుపులో కాదు. గుంతను చూస్తూ పోతే బండి గుంతలోకే పోతుంది, పోవాల్సిన దారిని చూడాలి. ఇసుకలో చేతులు బిగబట్టొద్దు, ఉన్నట్టుండి బ్రేకు వేయొద్దు. వాన పడిన నల్లరేగడిలో మడ్‌గార్డు కింద మట్టి బిగుసుకొని చక్రమే తిరగదు. ఆ రోజు దిగి తోసుకుపోవడమే తెలివి. కొంగు నడుముకు దోపాలి, చున్నీ వెనక ముడి వేయాలి, చీర గార్డు లేని బండి ఎక్కొద్దు. హెల్మెట్ ఐఎస్ఐ మార్కుది, పట్టీ పెట్టుకొని. పట్టీ పెట్టని హెల్మెట్ పడగానే ఎగిరిపోతుంది.

"పడితే ఎవరిది బాధ్యత" అని అడిగారు. పడ్డారు. మోకాళ్లు గీసుకున్నాయి, ఒకామె మణికట్టు బెణికి పది రోజులు కట్టు కట్టుకుంది. పదకొండో రోజు మళ్లీ వచ్చింది. నాట్లలో, బావి గట్టు మీద పడ్డప్పుడు ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు అక్కా. ఒక పెద్దమ్మకు ఎదుటి బండి నంబరు కనపడలేదు. ఇన్నేళ్లూ చూపు తక్కువని ఆమెకే తెలియదు. ఇప్పుడు అద్దాలు పెట్టుకొని సంఘం పుస్తకం కూడా తానే చదువుతుంది.

నడపడం వస్తే సరిపోదు, కాగితం ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు ముందు లర్నింగ్ లైసెన్సు తీసుకోవాలి. అది ఆరు నెలలు నడుస్తుంది. ముప్పై రోజులు దాటినాక పరీక్షకు పోవచ్చు. లైసెన్సు, బీమా లేకుండా రోడ్డు మీద ఏమైనా జరిగితే, ఇన్నేళ్ల పొదుపు ఆ ఒక్క రోజులో పోతుంది.

శిబిరం తర్వాత ఏం మారింది? మా వీఓఏ పుస్తకాలు పట్టుకొని తండాకు తనే పోతుంది. పాలు పోసే ఇద్దరు అక్కలు బిల్లు తమ చేతికే తెచ్చుకుంటున్నారు. "ఆడోళ్లు బండెక్కితే ఇల్లెవరు చూస్తరు" అన్న ఇంట్లోనే, ఆయనకు పాము కరిచిన రాత్రి భార్యే బండి మీద దవాఖానకు తీసుకుపోయింది. ఆయన బతికాడు. ఆ మాట ఇప్పుడు ఆ ఇంట్లో వినపడదు.

మహాసభ ముందు మా కోరికలు మూడు.

ఒకటి, ప్రతి గ్రామ సంఘంలో ఏడాదికొక బండి శిబిరం పెట్టాలి. నేర్చుకున్న అక్కలే పక్క ఊరికి పోయి నేర్పాలి, వాళ్ల రోజు కూలి సమాఖ్య ఇవ్వాలి.

రెండు, సభ్యురాలి అప్పుతో కొనే బండి ఆర్‌సీ సభ్యురాలి పేరు మీదనే ఉండాలి.

మూడు, బండి అప్పుకు దరఖాస్తు పెట్టిన అక్కకు లైసెన్సు వచ్చేదాకా గ్రామ సంఘమే దగ్గరుండి చూసుకోవాలి.

సంతకం నేర్చుకున్న రోజు వేలిముద్ర పోయింది. బ్యాంకుకు పోవడం నేర్చుకున్న రోజు వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కడం తగ్గింది. బండి కూడా అటువంటిదే. ఈ తీర్మానాన్ని చేతులెత్తి ఆమోదించాలని మా గ్రామ సంఘం అందరి తరఫున కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.