పేలిన కుక్కరు తిరిగి ఇవ్వకండి

(గ్రామ కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మాకు అప్పగించిన అంశం 'వినియోగదారుల హక్కులు'. ఈ మాట వినగానే, ఇదేదో పట్నంలో కార్లు, ఫ్రిజ్‌లు కొనేవాళ్ల సంగతి, మనకెందుకులే అని మనవాళ్లు లేచిపోతుంటారు. అందుకని మా వాడలో జరిగిన దాంతోనే మొదలుపెడతాం.

మా వాడలో ఒక అక్క ఉంది. కూలి పనికి పోతుంది. పట్నంలో పని చేసే కొడుకు పండక్కి వస్తూ మండల కేంద్రంలోని కొట్టులో కుక్కరు కొని తెచ్చిచ్చాడు. నాలుగు నెలలు తిరక్కముందే ఒక పొద్దున పప్పు ఉడుకుతుండగా మూత ఎగిరిపోయింది. మరిగే పప్పు ఆమె మొహం మీద, మెడ మీద, కుడిచేతి మీద పడింది. ఇరవై రెండు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఒక కన్ను మసకబారింది. వేళ్లు సరిగా ముడుచుకోవు కనుక కొడవలి పట్టలేదు. కూలి పోయింది.

కొట్టాయన మంచిగానే మాట్లాడాడు. "అయ్యయ్యో, ఆ పాతది పట్రండి, కంపెనీకి పంపి కొత్తది ఇప్పిస్తా" అన్నాడు. కొడుకు ఇచ్చేశాడు. కొత్త కుక్కరు వచ్చింది. ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నాడు. మంచోడే అనుకున్నారు వాడలో. మేమూ అదే అనుకున్నాం. ఆరు నెలలకి ఒక ప్లీడరు గారి దగ్గరికి పోతే ఆయన మూడు మాటలు అడిగాడు. పేలిన కుక్కరు ఏదీ? ఇచ్చేశాం. బిల్లు ఏదీ? రాసివ్వలేదు. ఆ కాగితంలో ఏం రాసుంది? చదవలేదు. చేతులెత్తేసి వచ్చేశాం. ఆ కొత్త కుక్కరు ఇప్పటికీ అటక మీదే ఉంది. దాన్ని పొయ్యి మీద పెట్టే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

తప్పు ఆ పిల్లాడిది కాదు. సంఘం అని చెప్పుకుంటూ ఈ సంగతి తెలుసుకోని మాది. తర్వాత కూర్చుని చట్టం చదివాం. చదివింది మీ ముందు పెడుతున్నాం.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 జూలైలో అమల్లోకి వచ్చింది. లోపమున్న సరుకు వల్ల మనిషికి దెబ్బ తగిలినా, జబ్బు చేసినా, ప్రాణం పోయినా, ఆస్తి పాడైనా ఎవరు బాధ్యులో చెప్పడానికి ఇందులో ప్రత్యేకంగా ఒక అధ్యాయం పెట్టారు. తయారుచేసిన కంపెనీ ఐదు సందర్భాల్లో బాధ్యత వహించాలి: తయారీలో లోపం ఉంటే; నమూనాలోనే లోపం ఉంటే; నిర్ణయించిన కొలతలకు, ప్రమాణాలకు తప్పి చేస్తే; రాసిచ్చిన హామీకి సరుకు సరిపోకపోతే; ఎలా వాడాలో, ఎక్కడ ప్రమాదముందో సరిగా చెప్పకపోతే. ఈ ఐదింటిలో ఒక్కటి రుజువైనా, దెబ్బ దానివల్లే తగిలిందని తేలితే చాలు.

మరి అమ్మినవాడో? "నేను అమ్మేవాణ్ణే గాని చేసేవాణ్ణి కాదు" అంటాడు. అన్నిసార్లూ ఆ మాట చెల్లదు. సరుకును తను మార్చినా, కంపెనీ చెప్పనిది తనంతట తాను హామీ ఇచ్చినా, బిగించడంలో అజాగ్రత్త చేసినా అతను బాధ్యుడే. ఎవరు చేశారో తెలియని సరుకు అమ్మితే కూడా అతనే జవాబు చెప్పుకోవాలి. పేరూ ఊరూ లేని స్టౌలు, వైర్లు, హీటర్లు ఎక్కువగా వచ్చేది మన ఇళ్లకే కదా! అందుకే ఈ ముక్క గుర్తుంచుకోండి.

కొన్నది కొడుకు, కాలింది తల్లి. మరి తల్లి అడగొచ్చా? అడగొచ్చు. కొన్నవాడి అనుమతితో వాడుకునేవాళ్లు కూడా వినియోగదారులే అని చట్టమే చెప్తోంది. ఈ మాట ఊరికే రాలేదు. 1928లో స్కాట్లాండులోని పెయిస్లీ పట్నంలో మే డొనహ్యూ అనే పేదరాలికి స్నేహితురాలు అల్లం పానీయం కొనిచ్చింది. సీసాలో కుళ్లిన నత్త ఉందని, అది తాగి జబ్బు పడ్డానని ఆమె కేసు వేసింది. డబ్బిచ్చింది నువ్వు కాదు గదా, కంపెనీతో నీకేం సంబంధం అన్నారు. ఐదు పౌండ్ల ఆస్తి కూడా లేనిదాన్నని రాసిచ్చి, పేదలకిచ్చే వెసులుబాటు మీద ఆమె బ్రిటన్ పై కోర్టు దాకా పోయింది. సరుకు చేసేవాడు అది వాడే ప్రతి మనిషి పట్లా జాగ్రత్త పడాల్సిందేనని 1932లో తీర్పు వచ్చింది. ఒక పేదరాలు పట్టు వదలకపోబట్టే ఆ దారి పడింది.

ఎక్కడికి పోవాలి, ఎంతవుతుంది?

జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోవాలి. వెనక ఫోరం అనేవాళ్లం, అదే ఇది. కంపెనీ ఢిల్లీలో ఉన్నా, బొంబాయిలో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. సరుకు కొన్న ధర ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. ఇక్కడ చూసేది కుక్కరు ధర, మనం అడిగే పరిహారం కాదు. పదిహేను వందల కుక్కరుకి పది లక్షలు పరిహారం అడిగినా ఫీజు కట్టనక్కర్లేదు. ప్లీడరు లేకుండా మనమే మాట్లాడుకోవచ్చు. ప్లీడరు కావాలంటే, 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీలకు, ఎస్టీలకు, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా ఇవ్వాలి. జిల్లా కోర్టు దగ్గరున్న న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఇది హక్కుగా రావలసింది, బతిమాలుకునేది కాదు.

దెబ్బ తగిలిన రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. దాటితే ఆలస్యానికి కారణం చూపించి కమిషన్‌ని ఒప్పించాలి.

దెబ్బ తగిలిన రోజు ఏం చేయాలి?

ఒకటి. వస్తువు పారేయకండి, కడగకండి, బాగుచేయించకండి, తిరిగి ఇవ్వకండి. ముక్కలన్నీ గోనెసంచిలో కట్టి దాచండి. పరీక్షకి పంపాల్సి వస్తే కమిషనే సీలు వేసి లాబొరేటరీకి పంపుతుంది.

రెండు. ఫోటోలు తీయండి. వస్తువుదీ, గాయానిదీ, పేలిన చోటుదీ. పెట్టె, లోపలి కాగితం, గ్యారంటీ కార్డు దాచండి. బిల్లు లేకపోతే ఫోన్‌లో డబ్బు పంపిన లెక్క, కొన్నప్పుడు పక్కనున్న మనిషి సాక్ష్యం పనికొస్తాయి. బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపారం అని చట్టంలో ఉంది.

మూడు. ఆస్పత్రి చీటీలో 'కాలిన గాయం' అని ఊరుకోనివ్వకండి. 'కుక్కరు పేలి కాలింది' అని రాయమనండి.

నాలుగు. ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 ఫిబ్రవరి నుంచి ఇంటి కుక్కర్లకి ఆ గుర్తు తప్పనిసరి. గుర్తు లేని కుక్కరు అమ్మడమే నేరం.

ఐదు. చదవని కాగితం మీద సంతకం, వేలిముద్ర పెట్టకండి. పెద్దమనుషులు కూర్చోబెట్టి వెయ్యో రెండువేలో ఇప్పిస్తామన్నా సరే, ముందు సంఘం వాళ్లకి చూపించండి.

కంపెనీవాళ్లు ఏమంటారో కూడా చెప్పాలి. మీరే తప్పుగా వాడారంటారు, వేరే రబ్బరు వేశారంటారు. అది రుజువైతే వాళ్లు బయటపడతారు. అందుకని పది రూపాయలు మిగులుతాయని దొంగ రబ్బరు, దొంగ వాల్వు వేయకండి.

ఇంకో మెలిక ఉంది. మన కూలీలకి ఇది ముఖ్యం. యజమాని పనిచోట వాడకానికి సరుకు కొని, కంపెనీ హెచ్చరికలు అతనికి అందించి ఉంటే, మాకు హెచ్చరిక చెప్పలేదని కూలీలు కంపెనీ మీద వేసే కేసు నిలవదని ఈ చట్టంలోనే ఉంది. పురుగుమందు డబ్బా మీది కాగితం రైతు దగ్గర ఉంటుంది, ట్యాంకు మన వీపు మీద ఉంటుంది! 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో మందు కొడుతూ రైతులూ కూలీలూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాబట్టి ట్యాంకు ఎత్తుకునే ముందు కాగితం చదివి వినిపించమని, చేతికీ మొహానికీ తొడుగులు ఇమ్మని అడగండి. పనిలో దెబ్బ తగిలితే యజమానినే పరిహారం అడిగే దారి వేరే ఉంది, దానికి కార్మిక శాఖ ఆఫీసుకి పోవాలి. ఒక దారి మూస్తే ఇంకో దారి వెతకాలి గాని ఇంటికి రాకూడదు.

వస్తువు చేతిలో లేకపోతే అంతా పోయినట్టేనా? కాదు. మన ఉమ్మడి రాష్ట్రం రైతులు జాతీయ విత్తన సంస్థ మీద వేసిన కేసులో 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రైతు కూడా వినియోగదారుడేనంది. పరీక్ష కోసమని రైతు విత్తనాలు దాచిపెట్టుకోవాలనడం కుదరదంది.

ఈ తీర్పు చదివాకే మా అక్క సంగతి మళ్లీ ఎత్తుకున్నాం. ఆమె కాలి పద్నాలుగు నెలలైంది. గడువు ఇంకా ఉంది. పాత కుక్కరు తీసుకున్నది కొట్టాయన. వస్తువునైనా కాగితాన్నైనా తెచ్చి చూపించమని ఆదేశించే అధికారం కమిషన్‌కి ఉంది. ఆయన ఇచ్చిన కొత్త కుక్కరే ఆ పాతది పేలిందనడానికి సాక్ష్యం. ఉచిత ప్లీడరు కోసం అర్జీ పెట్టాం. ఫిర్యాదు రాశాం. గెలుస్తామని ఇప్పుడే చెప్పలేం. కానీ కొట్టాయన ఈసారి సంతకం పెట్టించుకోవడానికి కాదు, జవాబు చెప్పడానికి రావాలి.

మీ ఊళ్లకి పోయాక ఒక్క పని చేయండి. గత రెండేళ్లలో స్టౌ పేలిందనో, హీటరు షాకు కొట్టిందనో, మందు కొట్టి పడిపోయారనో విన్న ఇళ్లకి వెళ్లండి. మూడే మాటలు అడగండి: ఆ వస్తువు ఎక్కడుంది? ఆస్పత్రి చీటీ ఉందా? ఏ కాగితం మీదైనా సంతకం పెట్టారా? జవాబులు రాసుకుని వచ్చే సమావేశానికి తీసుకురండి. అక్కడ కూర్చుని అందరం కలిసి ఫిర్యాదులు రాద్దాం.