కోట్ల విల్లా అమ్మాలా? గేటు తెరిచే ముందు ఫైల్ తెరవండి

ఇవాళ్టి టాపిక్ చూడగానే చాలామంది "బ్రో, టూ బీహెచ్‌కే రెంట్ కట్టడానికే కిందామీదా పడుతున్నాం, ఆరు కోట్ల విల్లా గొడవ మనకెందుకు?" అనుకుంటారు. ఒక్కసారి ఆలోచించండి. 2010 ఆ టైంలో గండిపేట వైపో, నల్లగండ్ల వైపో మీ నాన్నగారో, పెద్దనాన్నో, మేనమామో కొన్న ఇల్లు ఇవాళ కోట్లలో ఉంటుంది. పిల్లలు డాలస్‌లో, బెంగళూరులో. వాళ్లకేమో ఆ మెట్లు ఎక్కడమే కష్టమైంది. ఇక అమ్మేద్దాం అంటారు. అప్పుడు ఓటీపీలు, పీడీఎఫ్‌లు, పోర్టల్ లాగిన్లు అన్నీ ఎవరి ఫోన్‌కి వస్తాయి? మీ ఫోన్‌కే. అందుకే ఈ ఎపిసోడ్.

ఒక్క ముక్కలో చెప్తా. ఖరీదైన ఇల్లు షాండ్లియర్ చూసి అమ్ముడుపోదు. ఫైల్ క్లీన్‌గా ఉంటే, ధర నిజాయితీగా ఉంటే అమ్ముడుపోతుంది. ఎందుకంటే 60 లక్షల ఫ్లాట్‌కి కొనేవాళ్లు వందల మంది ఉంటారు. 6 కోట్ల ఇంటికి సీరియస్‌గా వచ్చేది వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అందులో ఒక్కరికి డౌట్ వచ్చి వెళ్లిపోయినా మళ్లీ నెలలు ఆగాలి.

సరే, ఫైల్ అంటే ఏంటి? సేల్ డీడ్, దానికి ముందున్న లింక్ డాక్యుమెంట్లు, తాజా ఈసీ, శాంక్షన్ ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ప్రాపర్టీ టాక్స్ రసీదులు, కరెంటు బిల్లు, అసోసియేషన్ నుంచి నో డ్యూస్ లెటర్. హోమ్ లోన్ తీరిపోయినా ఈసీలో ఇంకా బ్యాంకు పేరు కనిపిస్తుంటే ముందు అది క్లియర్ చేయించండి. ప్లాన్‌లో లేని గది మేడ మీద కట్టారా? బయ్యర్ లాయర్ కనిపెట్టేలోపు మీరే చెప్పేయండి. వాళ్లంతట వాళ్లు కనిపెడితే, మీరు చెప్పిన మిగతా తొమ్మిది నిజాలు కూడా నమ్మరు.

హైదరాబాద్‌లో ఇంకోటుంది. 2024 జూలైలో హైడ్రా వచ్చాక చెరువు దగ్గర్లో ఇల్లంటే చాలు, మొదటి ప్రశ్న ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ గురించే. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆ హద్దు. "లేక్ వ్యూ" అని యాడ్‌లో పెద్ద అక్షరాలతో రాస్తే, ఆ లేక్ హద్దుకి మీ ఇల్లు ఎక్కడుందో చూపించే కాగితం కూడా చేతిలో ఉండాలి కదా.

ఇల్లు ఇద్దరు ముగ్గురి పేర్ల మీద ఉందా? అందరి సంతకాలూ కావాలి. అక్క అమెరికాలో ఉంటే పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అక్కడ రాసిన ఆ కాగితం ఇండియాకి చేరాక మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంప్ చేయించాలి. బయ్యర్ అడ్వాన్స్ ఇచ్చాక ఈ పని మొదలుపెడితే ఆ అడ్వాన్స్ మీద ఇద్దరికీ నిద్ర ఉండదు.

ఇక ధర. "పక్క వీధిలో 8 కోట్లకి పోయిందంట" అనే మాట ప్రతి కాలనీలో వినిపిస్తుంది. అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. మీ కమ్యూనిటీలోనే ఈ ఏడాది నిజంగా ఇల్లు అమ్మినవాళ్లతో మాట్లాడండి. బ్యాంకు ప్యానెల్‌లో ఉన్న వాల్యూయర్‌తో ఒక రిపోర్ట్ రాయించుకోండి. ఇంకో పెద్ద తప్పు: ఐదుగురు బ్రోకర్లకి ఇవ్వడం. ఒకే ఇల్లు ఒక సైట్‌లో 6 కోట్లు, ఇంకో సైట్‌లో 6.75 కోట్లు. చూసేవాడు ఏమనుకుంటాడు? "వీళ్లకే క్లారిటీ లేదు, ఇంకా తగ్గుతారు." ఒకరికో ఇద్దరికో ఇవ్వండి, కమిషన్ ముందే రాసుకోండి. ఒకే ధర, ఒకే ఫొటోలు. ఆరు నెలలు లిస్టింగ్‌లో నానిన ఇంటికి "ఇంకా పోలేదా, ఏదో లిటిగేషన్ ఉండుంటుంది" అని పేరు పడిపోతుంది.

ఇల్లు చూపించడం గురించి చిన్న మాట. చెమ్మ ఉన్న గోడకి పైపైన పెయింట్ వేయకండి. లీకేజీ బాగుచేయించి ఆ బిల్లు ఫైల్‌లో పెట్టండి. పగటి వెలుతురులో ఫొటోలు తీయండి. నెలకి మెయింటెనెన్స్ ఎంత, బోరులో నీళ్లు ఎండాకాలం ఎలా ఉంటాయి, ఇవి అడగకముందే చెప్పండి.

ఇప్పుడు అసలు మ్యాటర్. అంతా ఓకే అయ్యాక, టీ తాగుతూ బ్రోకర్ మెల్లగా అంటాడు: "సార్, నాలుగు వైట్, రెండు క్యాష్. మీకూ టాక్స్ కలిసొస్తుంది." ఇంట్లో పెద్దవాళ్లు కూడా "అందరూ చేసేదేగా" అంటారు. ఇక్కడ మీరు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఓపెన్ చేయండి.

2010-11లో 1.5 కోట్లకి కొన్న ఇల్లు 2025-26లో 6 కోట్లకి అమ్మారు అనుకుందాం. లాభం 4.5 కోట్లు. 12.5 శాతం లెక్కన టాక్స్ 56.25 లక్షలు. 2024 జూలై 23కి ముందు కొన్న ఇల్లు కాబట్టి, ఇండియాలో ఉండేవాళ్లకి పాత పద్ధతి కూడా పోల్చుకునే వీలుంది. అంటే ఇండెక్సేషన్‌తో 20 శాతం. ద్రవ్యోల్బణ సూచీ 2010-11లో 167, 2025-26లో 376. కొన్న ధర దాదాపు 3.38 కోట్లుగా లెక్కకొస్తుంది, టాక్స్ సుమారు 52.5 లక్షలు. ఈ కేసులో పాతదే తక్కువ. సర్‌ఛార్జ్, సెస్ వీటికి అదనం. ఎన్నారైలకి ఈ రెండో ఆప్షన్ లేదు.

ఇప్పుడు ఆ 2 కోట్ల క్యాష్. దాని మీద "మిగిలే" టాక్స్ 12.5 శాతం లెక్కన 25 లక్షలు. రిస్క్ ఎంత? 2015 జూన్ 1 నుంచి ఇల్లు, స్థలం అమ్మకంలో 20 వేలు, అంతకుమించి క్యాష్ తీసుకోకూడదు. తీసుకుంటే, ఎంత తీసుకున్నారో అంత పెనాల్టీ పడొచ్చు. అంటే 25 లక్షల కోసం 2 కోట్లు పందెం. ఏ కోడర్ అయినా ఈ కోడ్‌ని ప్రొడక్షన్‌లోకి పంపుతాడా?

పైగా ఆ 25 లక్షలు కూడా నిజంగా మిగలవు. ఇల్లు అమ్మిన లాభంతో రెండేళ్లలో ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా, 10 కోట్ల పరిమితి వరకు మినహాయింపు ఉంది. రిటర్న్ వేసే గడువులోపు ఇల్లు దొరక్కపోతే ఆ డబ్బు బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్‌లో వేసి ఉంచాలి. అంటే దారి చట్టంలోనే ఉంది. మరి బీరువాలో పెట్టిన 2 కోట్లతో ఏం చేస్తారు? అమ్మకి ఆపరేషన్ వస్తే హాస్పిటల్ బిల్లు అంత క్యాష్‌లో కట్టగలరా? డాలస్‌లో ఉన్న అక్కకి తన వాటా పంపగలరా? పంపలేరు. వైట్ డబ్బు అయితే ఎన్ఆర్ఓ అకౌంట్ నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు పంపుకునే పద్ధతి ఉంది.

ఒక నిజం కూడా చెప్పాలి. క్యాష్ వద్దంటే కొందరు బయ్యర్లు వెళ్లిపోతారు. కొందరు "ఫుల్ వైట్ అయితే స్టాంప్ డ్యూటీ నాకు పెరుగుతుంది, కొంచెం తగ్గించండి" అంటారు. కొంచెం తగ్గించండి, తప్పేం లేదు. కానీ బ్యాంకు లోన్‌తో కొనే ఉద్యోగస్తుల జంటకి ఫుల్ వైటే కావాలి. ఎందుకంటే బ్యాంకు క్యాష్ భాగానికి లోన్ ఇవ్వదు. మీ బయ్యర్ వాళ్లలోనే ఉన్నాడు. లిస్టింగ్‌లో మొదటి లైన్‌లోనే "పూర్తిగా వైట్" అని రాయండి, వాళ్లే వెతుక్కుంటూ వస్తారు.

చివరగా టీడీఎస్. ధర 50 లక్షలు, అంతకుమించి ఉంటే బయ్యర్ 1 శాతం పట్టుకుని కడతాడు. మన 6 కోట్లకి 6 లక్షలు. అది మీ పేరు మీద జమైందో లేదో చూసుకోండి. అమ్మేవాళ్లలో ఎన్నారై ఉంటే వాళ్ల వాటా మీద కోత చాలా ఎక్కువ. అందుకే అగ్రిమెంట్‌కి ముందే తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్‌కి అప్లై చేయమని సీఏకి చెప్పండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇల్లు అమ్మే ఆలోచన ఇప్పుడు లేకపోయినా సరే, నాన్నతో కూర్చుని ఆ బీరువాలో ఉన్న ఫైల్ కిందకి దించండి. ఒక్కో కాగితం స్కాన్ చేయండి. ఏది లేదో ఒక లిస్ట్ రాయండి. ఆయనకి ఓపిక ఉన్నప్పుడు, ఏ కాగితం ఎక్కడిదో గుర్తున్నప్పుడే అడిగి తెలుసుకోవాలి. మీ లిస్ట్‌లో ఏ కాగితం మిస్ అయిందో కామెంట్‌లో పెట్టండి, అది ఎలా తెచ్చుకోవాలో నెక్స్ట్ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.