ఓడ మీద కేసు

 

మన బళ్లో చదివినవాళ్లం చాలామందిమి పోర్టులోనో, స్టీల్‌ప్లాంటులోనో, వాటిని నమ్ముకున్న వ్యాపారాల్లోనో ఉన్నాం. నేను ఇంజనీరుని, లాయర్ని కాను. అయినా మనకి పనికొచ్చే ఒక కేసు చెప్తాను.

1984 ఫిబ్రవరిలో ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడ గోవాలోని మార్మగోవా రేవులో హర్వాన్ అనే కంపెనీ సరుకు ఎక్కించుకుంది. బిల్ ఆఫ్ లేడింగ్ ఇవ్వకుండానే వెళ్లిపోయిందని, కొన్నవాడు డబ్బు కట్టలేదు, సరుకు ఇవ్వొద్దన్నా ఇచ్చేసిందని కంపెనీ ఫిర్యాదు. ఓడ యజమానులకి మన దేశంలో ఆఫీసు లేదు. ఎవర్ని పట్టుకోవాలి?

ఆ ఓడే ఏప్రిల్‌లో మన విశాఖ రేవుకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని అరెస్టు చేయించింది. రూ.14,25,000 బ్యాంకు గ్యారంటీ ఇచ్చాకే వదిలింది.

1861 నాటి ఇంగ్లీషు చట్టం ప్రకారం దేశంలోకి వచ్చే సరుకు మీదే కేసు వేయొచ్చు, బయటికెళ్లే సరుకు మీద కుదరదని యజమానులు వాదించారు. 1992లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 1952 బ్రస్సెల్స్ ఒప్పందంలో మన దేశం చేరకపోయినా, అందులోని సూత్రాలు మన కోర్టులూ వాడుకోవచ్చంది. ఆ పాత చట్టం పోయి, 2017లో కొత్తది వచ్చింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! విదేశీ కాంట్రాక్టులో ధర ఒక్కటే చూడకండి. ఏ దేశం చట్టం, తగువొస్తే ఏ కోర్టు, ఎగ్గొడితే ఇక్కడ పట్టుకోడానికి ఏముంది అన్నవి చూసుకునే సంతకం పెట్టండి. ఓడ మళ్లీ మన రేవుకే వస్తుందని నమ్మకమేమీ లేదు.