సంక్రాంతి కూడా పాఠమే
(సంఘం సంక్రాంతి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా డి.ఆర్. బకాయిలు, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు, లైఫ్ సర్టిఫికెట్లు ఇవే చర్చకు వస్తాయి. పండుగ సంచిక గనుక ఈసారి వేరే సంగతి చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను సర్వీసంతా గుమస్తాగిరీ చేసినవాణ్ణి, విద్యావేత్తను కాను. అయితే రెండేళ్లుగా మా వీధి అంగన్‌వాడీ కేంద్రానికి వెళ్లి వస్తున్నాను. ఆ కాస్త అనుభవంతో, మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు సంక్రాంతి ద్వారా ఏమేమి నేర్పవచ్చునో మనవి చేస్తాను.

ముందుగా ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానో చెప్పాలి. మా కేంద్రానికి వచ్చే పిల్లలు తగ్గిపోతున్నారు. కారణం అడిగితే తల్లిదండ్రులది ఒకటే మాట: "అక్కడ ఆటలే గాని చదువేదండీ?" మా మనవణ్ణి కూడా నాలుగో ఏట ఒక ప్రైవేటు నర్సరీలో వేశారు. రోజూ ఒకే అక్షరం రెండు పేజీలు రాసుకురమ్మనేవారు. వాడి వేళ్లు పెన్సిలు పట్టలేక నొప్పెట్టేవి. సాయంత్రం పుస్తకం తీస్తే చాలు, కడుపు నొప్పి అనేవాడు. ఆ బడి పేరు మనకు అనవసరం, అలాంటివి ఊరూరా ఉన్నాయి.

ఆటపాటలతో చదువు నిన్న మొన్న పుట్టింది కాదు. గిజుభాయి బధేకా గారు గుజరాత్‌లోని భావనగర్‌లో 1920లోనే బాలమందిరం ప్రారంభించారు. మాంటిస్సోరీ గారు 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పుడు, పౌష్టికాహారంతో పాటు పూర్వ ప్రాథమిక విద్యను కూడా అందులో చేర్చారు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశ అన్నది. కాబట్టి అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు ఇచ్చే చోటు మాత్రమే అనుకోవడం సరికాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. కిందటి ఏడు పండుగ ముందు వారం మా టీచరమ్మ, "బాబాయిగారూ, ఈ ఐదు రోజులూ మీరు కూడా రండి" అన్నది. వెళ్లాను.

మొదటి రోజు వరి కంకులు తెచ్చాం. పిల్లలు గింజలు దూసి, వడ్లు వలిచి బియ్యపు గింజ చూశారు. ఊక వేరు, బియ్యం వేరు అని వేళ్లతోనే తెలుసుకున్నారు. అన్నం ఎక్కడి నుంచి వస్తుందంటే "కుక్కర్లోంచి" అన్న పిల్లలు వాళ్లు. దుక్కి, నాట్లు, కోత, నూర్పిడి బొమ్మలిచ్చి వరుసగా పేర్చమన్నాం. ఏది ముందు, ఏది వెనుక అని చెప్పగలగడం రేపు కథ చదవడానికి పునాది.

రెండో రోజు మా అటక మీది ఇత్తడి సోల, తవ్వ, మానిక దించి పట్టుకెళ్లాను. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని మనకు నోటికి వచ్చు. పిల్లలు వడ్లు పోసి పోసి తేల్చుకున్నారు. ఒక సోలెడు పొడుగాటి గ్లాసులోనూ, మరో సోలెడు వెడల్పాటి పళ్లెంలోనూ పోస్తే, గ్లాసులోవే ఎక్కువని ఒక పాప పట్టుబట్టింది. టీచరమ్మ కాదనలేదు. "మళ్లీ సోలలో పోసి చూడమ్మా" అన్నది. ఆ పాప నాలుగుసార్లు పోసింది. ఇది లెక్కల చదువు కాదంటారా?

మూడో రోజు ముగ్గు. నేల మీద ఐదు వరుసల్లో ఐదేసి చుక్కలు పెట్టి, చుక్కకొక చింతపిక్క పెట్టమన్నాం. ఒక పిక్కకు ఒక చుక్క, అదే లెక్కింపుకు మొదటి మెట్టు. పెద్ద పిల్లలు చుక్కలు కలిపారు. చిటికెడు పిండి పట్టి గీత జార్చే వేళ్లే రేపు పెన్సిలు పడతాయి.

నాలుగో రోజు బంకమట్టితో గొబ్బెమ్మలు. పిసకడం, గుండ్రంగా చేయడం, చిన్నది నుంచి పెద్దది దాకా పేర్చడం, పైన గుమ్మడిపువ్వు పెట్టడం. ఐదో రోజు రేగుపళ్లు, బంతిరేకులు, నానబెట్టిన శనగలు కలిపి ఇచ్చి వేరు చేయమన్నాం. తర్వాత ఒకడు గంగిరెద్దయి అవుననీ కాదనీ తల ఊపుతుంటే, మిగతావాళ్లు ప్రశ్నలు అడిగారు. నోరు మెదపని పిల్లలు కూడా ఆరోజు మాట్లాడారు.

ఇక్కడ రెండు హెచ్చరికలు. రేగు గింజలు, శనగలు, చిల్లర నాణేలు పసివాళ్లు నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. పెద్దవాళ్లు పక్కన కూర్చోవాలి, పని కాగానే లెక్కపెట్టి తీసేయాలి. రెండోది, తరగతిలో అన్ని మతాల పిల్లలూ ఉంటారు. పంట అందరిదీ. పూజ సంగతి ఇంటికి వదిలి, పొలం సంగతి బడిలో చెబితే ఏ బిడ్డా పరాయివాడు కాడు.

శుక్రవారం తల్లిదండ్రులను పిలిచాం. వేదిక, మైకు, అద్దె దుస్తుల నృత్యాలు పెట్టలేదు. పిల్లలు రోజూ చేసిన పనినే వాళ్ల ముందు చేసి చూపించారు. బిడ్డను మాన్పించాలనుకున్న ఇద్దరు తల్లులు వచ్చారు. ఒకామె మనసు మార్చుకున్నది. రెండో ఆమె మార్చుకోలేదు, పిల్లవాణ్ణి నర్సరీకి పంపింది. ఆమెను తప్పు పట్టను. తన బిడ్డ వెనుకబడిపోతాడన్న భయం ఆమెది. ఆ భయం పోవాలంటే, అక్కడ ఏం నేర్పుతున్నారో కనబడాలి. ఒక్క టీచరమ్మ, ఒక్క ఆయా వంట, రిజిస్టర్లు, పసిబిడ్డల తూకాలు చూసుకుంటూ ఇవన్నీ చేయాలంటే కష్టం. రిజిస్టర్ల బరువు మనకు తెలియనిదా!

అందుచేత సభ్యులకు నా విన్నపం ఒక్కటే. టీచరమ్మను ముందుగా అడిగి, వారానికి ఒక గంట మీ వీధి కేంద్రానికి వెళ్లండి. అటక మీది సోలా తవ్వా తీసుకెళ్లండి. సోదరీమణులు ముగ్గు నేర్పండి. వ్యవసాయ కుటుంబాల వారు నాగలి, కొడవలి గురించి చెప్పండి. ఇంట్లో నాలుగేళ్ల మనవలుంటే "ఎన్ని అక్షరాలు వచ్చురా?" అని అడగడం మాని, "ఇవాళ ఏం చేశావురా?" అని అడగండి. కోడళ్లకు, అల్లుళ్లకు ఈ మాట మెల్లగా చెప్పండి. గట్టిగా చెబితే వినరు, అది మీకూ అనుభవమే.

మన పెన్షన్ సంగతి చూడటానికి సంఘం ఉన్నది. ఆ పసివాళ్లకు సంఘం లేదు, మెమొరాండం ఇవ్వలేరు. వాళ్ల తరఫున మనమే మాట్లాడాలి.