పిండానికీ గర్భానికీ మధ్య
(అనకాపల్లి సభలో చేసిన యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)

భీమవరంలో పుట్టి అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనలను నడిపించిన సుబ్బారావు గారి బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. మొదట అది రక్తహీనత మందుగానే పేరు తెచ్చుకుంది. పిండం తొలి రోజుల కథలోకి వచ్చింది చాలా ఆలస్యంగా. ఆ కథకు మొదలు కుందేళ్ల దగ్గర ఉంది.

1890లో ఇంగ్లండులో వాల్టర్ హీప్ ఒక అంగోరా కుందేలు నుంచి రెండు పిండాలు తీశాడు. అప్పుడే తన జాతి మగదానితో జతకట్టిన బెల్జియన్ హేర్ కుందేలులో వాటిని పెట్టాడు. ఆరు పిల్లలు పుట్టాయి. నాలుగు మోసిన తల్లి జాతివి, రెండు అచ్చమైన అంగోరాలు. ఆ దారిలోనే గుంటూరు దగ్గరి లాం ఫారంలో మేలైన ఒంగోలు ఆవుల పిండాలను వేరే ఆవుల్లో పెట్టి దూడలను పుట్టించారు. ఇక్కడ కీలకం ఏమిటో పాడి రైతులకు చెప్పనక్కర్లేదు: ఎద. పిండం వయసు ఏడు రోజులైతే, మోసే ఆవు ఎదకొచ్చి కూడా దాదాపు అన్నే రోజులు కావాలి. లెక్క తప్పితే ఎంత జాతి పిండమైనా దక్కడం కష్టం.

ఆ లెక్క నడిపేవి జన్యువులు.

ఫలదీకరణ జరిగిన కొత్తలో పిండం సొంత జన్యువులు దాదాపు పనిచేయవు. అండంలో తల్లి నింపి ఉంచిన ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్లతోనే రోజులు గడుస్తాయి. చిట్టెలుకలో రెండు కణాల దశలో, మనిషిలో నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో పిండం సొంత జన్యువులు పనిలోకి దిగుతాయి. తర్వాత పంపకం: లోపలి కణాలు బిడ్డకు, బయటివి మాయకు. ఆక్ట్4 జన్యువు లేని చిట్టెలుక పిండాల్లో లోపలి కణాలూ మాయ దారే పట్టాయని 1998లో తేలింది.

ఇంతవరకూ వింటే పెత్తనమంతా పిండానిదే అనిపిస్తుంది. 1992లో కాలిన్ స్టీవర్ట్ బృందం అది నిజం కాదని చూపించింది. లిఫ్ అనే జన్యువు లేని ఆడ చిట్టెలుకల్లో పిండాలు చక్కగా తయారయ్యాయి, గర్భాశయం దాకా వచ్చాయి, కానీ అతుక్కోలేదు. వాటినే ఆ జన్యువున్న తల్లిలో పెడితే అతుక్కుని పెరిగాయి. లోపం పిండంలో లేదు. నాలుగో రోజున గర్భాశయం నుంచి అందాల్సిన ఒక్క సంకేతం అందలేదు, అంతే. మనుషుల్లో వ్యవహారం ఇంత సూటిగా లేదు. ఐవీఎఫ్ విఫలమైన స్త్రీలకు లిఫ్ ప్రోటీన్ ఇచ్చి చూసిన ప్రయోగం 2009లో నిరాశే మిగిల్చింది.

పిండమూ ఊరుకోదు. ఆవులో 16వ రోజు ప్రాంతంలో ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రోటీన్‌తో కబురు పెడుతుంది. అది అందకపోతే ఆవు 21 రోజులకు మళ్లీ ఎదకొస్తుంది. మనిషిలో ఆ పని హెచ్‌సీజీ అనే హార్మోనుది. గర్భ పరీక్ష కిట్టు పట్టుకునేది దాన్నే. ఇక గర్భాశయం వైపు చూస్తే, 2019లో గుంటూరులో డెబ్బై దాటిన ఒక స్త్రీ దాత అండంతో కవలలను కన్నది. అండాలు ఏనాడో అయిపోయినా గర్భాశయం ఒప్పుకుంది. ఆ వయసులో కనడం సబబా అన్నది వేరే చర్చ.

ఇక సుబ్బారావు గారి మందు. ఫోలిక్ ఆమ్లం కుటుంబపు విటమిన్ అయిన ఫోలేటును కణంలోకి చేర్చే ఒక జన్యువు లేని చిట్టెలుక పిండాలు పదో రోజుకల్లా చనిపోతాయని 1999లో కనుగొన్నారు. తల్లికి ఫోలేటు దండిగా ఇస్తే బతికాయి. అంతకు ముందే, 1991లో, బ్రిటన్ నడిపిన ఒక అధ్యయనం మనుషుల లెక్క తేల్చింది. వెన్నెముక లోపమున్న బిడ్డను ఒకసారి కన్న తల్లులు ఫోలిక్ ఆమ్లం వాడితే, మళ్లీ ఆ ముప్పు 72 శాతం తగ్గింది. పిండంలో మెదడూ వెన్నుపామూ తయారయ్యే గొట్టం నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికి ఆ గడువు దాదాపు తీరిపోతుంది. అందుకే బిడ్డ కావాలనుకున్న నాటి నుంచే రోజూ 400 మైక్రోగ్రాముల మాత్ర మొదలుపెట్టాలి. మీ ఇంట్లో కొత్త కోడలుంటే, కూతురుంటే, ఈ వారమే ఆశా కార్యకర్తనో ఆరోగ్య కేంద్రం డాక్టరునో అడగండి.