పౌను గింజల లెక్క

ప్రియమైన పట్టభద్రులారా, పంట చేతికి రాని ఏడు కూడా ఫీజు కట్టి వీళ్లను చదివించిన తల్లిదండ్రులారా,

ధాత కరువు పేరు మన కర్నూలు, కడప పల్లెలు ఇంకా మరిచిపోలేదు. 1876లో వానలు మొహం చాటేశాయి. జొన్న చేలు నిలువునా ఎండాయి, ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కరువు సాయం ఖర్చు అదుపు చెయ్యమని 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ ఒక అధికారిని మద్రాసు రాజధానికి పంపాడు. ఆయనే సర్ రిచర్డ్ టెంపుల్.

ఈయన పుట్టు దుర్మార్గుడైతే మీకు చెప్పేవాణ్ణి కాదు. 1874లో బీహారులో కరువొస్తే ఇదే టెంపుల్ బర్మా నుంచి లక్షల టన్నుల బియ్యం తెప్పించి, ఆకలి చావులు దాదాపు లేకుండా చేశాడు. మెచ్చుకోవలసిన పైవాళ్లు దుబారా చేశావని దుమ్మెత్తిపోశారు. ఆ మాట ఆయనకు గట్టిగా తగిలినట్టుంది. మన దగ్గరికి వచ్చేసరికి, కరువు పనిలో పొద్దంతా ఒళ్లు వంచే మగమనిషికి పౌను గింజలు, పైన ఒక అణా చాలన్నాడు. పౌనంటే దాదాపు 450 గ్రాములు. ప్రాణాలు నిలబెట్టడం తెలిసిన మనిషే ఆ లెక్క వేశాడు. నన్ను కలవరపెట్టేది అదే.

మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ కూడా అదే సర్కారు జీతం తీసుకునేవాడు. కష్టం చేసే ఖైదీకి పెట్టే తిండి కూడా ఇంతకన్నా ఎక్కువని, ఈ కూలితో మనిషి బతకడని లెక్కలతో సహా రాసి అడ్డం తిరిగాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. ఈలోపు పోయినవాళ్లు పోయారు.

అంతకు పదేళ్ల ముందు, 1866 కరువులో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి గంజి పోయించాడు. విక్టోరియా రాణి పేర బంగారు పతకం వచ్చింది. గాదె తరుగుతుంటే ఆయనకు మాత్రం దిగులు ఉండదా? పతకం కన్నా ఆ దిగులును దాటడమే నా దృష్టిలో గొప్పతనం. జాలి టెంపుల్‌కూ ఉండేది. నష్టం తన మీదికి వచ్చేసరికి అది నిలవలేదు.

మీలో కొందరు రేపు తహశీల్దార్లవుతారు, వ్యవసాయాధికారులవుతారు. పంట కోత ప్రయోగాల అంకెలు, కరువు మండలాల జాబితాలు మీ బల్ల మీదికొస్తాయి. అంకె మార్చమని పైనుంచి ఫోన్ వస్తుంది. అప్పుడు ఇంటి అప్పు, పిల్లల చదువు గుర్తొస్తాయి. అవి చిన్న విషయాలని నేననను. అయినా ఆ పూట చేలోకి నడవండి నాయనా, రైతును పక్కన నిలబెట్టుకుని తూకం వేయించండి, కాటా ఎంత చూపిస్తే అంతే రాయండి.